‘మరియు బృందం’

రేడియోలో పాట అయిపోగానే వినిపించే మాట ఒకటుంది: ‘పాడినవారు ఫలానా మరియు బృందం.’ విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. మూడు తరాలుగా వింటున్నాం. ఆ బృందంలో ఎవరున్నారని అడిగినవాళ్ళు మాత్రం లేరు. మా గుణదలలో ఫిబ్రవరి నెల మేరీమాత ఉత్సవాల్లో అమ్మిన భక్తిగీతాల కాసెట్ల మీదా, ఆ తర్వాతి సీడీల మీదా అదే వరస. రచన, సంగీతం, గానం, అన్నిటికన్నా కింద కోరస్. ఆ కోరస్‌లో ఉన్నది ఆడవాళ్ళని వినేవాళ్ళకి తెలుస్తుంది, అట్ట చదివేవాళ్ళకి తెలియదు.

ఇది ఒట్టి పేర్ల గొడవ అనుకోకండి. పాటల వ్యాపారంలో పేరే డబ్బు.

1957 కాపీరైట్ చట్టం పాటని ఒక్క ముక్కగా చూడదు. మాటలు సాహిత్యం, బాణీ సంగీతం, గొంతు ప్రదర్శన. రచయితలూ స్వరకర్తలూ ఒక్క సంతకంతో హక్కులన్నీ నిర్మాతకి ధారపోసే పద్ధతికి 2012 సవరణ అడ్డుకట్ట వేసింది. జావేద్ అఖ్తర్ అందుకోసం రాజ్యసభలో గట్టిగా నిలబడ్డారు. సినిమాహాలులో తప్ప పాటని ఇంకెక్కడ వాడినా వచ్చే రాయల్టీలో వాళ్ళకి సమాన వాటా దక్కింది. గాయకులకీ హక్కు వచ్చింది. సంతోషమే. కానీ అదే సవరణలో ఒక మినహాయింపు దూరింది. సినిమాలో యాదృచ్ఛికంగానో అనుబంధంగానో పాల్గొని, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో ఎక్కడా పేరు పడని మనిషిని ‘ప్రదర్శకులు’గా లెక్కించనక్కర్లేదట! తన ప్రదర్శనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పుకోవచ్చు, అంతే. పేరు వెయ్యకపోవడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీయే ఆమెకి హక్కు లేదనడానికి ఆధారం. కోరస్ ‘అనుబంధం’ కాదని కోర్టులో వాదించవచ్చు. ఒక్కసారి చేతిలో పెట్టిన డబ్బుతో సరిపెట్టుకుని బస్సెక్కే మనిషికి లాయరెక్కడ?

కోరస్ సంగతి ఇలా ఉంటే, పాటనే ఇచ్చినవాళ్ళ సంగతి మరీ అన్యాయం. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం ‘సారంగ దరియా’ జానపద పల్లవికి సుద్దాల అశోక్‌తేజ కొత్త చరణాలు రాశారు, మంగ్లీ పాడారు. ఊరూవాడా మోగింది. ఆ పాటని అంతకుముందే టీవీలో పాడిన కోమలి, తనకి దక్కాల్సిన గుర్తింపేదని బహిరంగంగా అడిగారు. వివాదం రేగాకే క్రెడిట్ మాట, డబ్బు మాట బయటికొచ్చాయి. నేనిక్కడ కవిగారి ప్రతిభని తక్కువ చెయ్యడం లేదు. లెక్క అడుగుతున్నాను. కొత్త చరణాలకి రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు. జనాన్ని లాక్కొచ్చిన పల్లవికి సున్నా. దాన్ని నోట నిలిపి మనవరాళ్ళకి అందించిన అమ్మమ్మలకీ సున్నాయే.

‘జానపదం అందరిదీ కదా, ఎవరికని ఇస్తాం?’ అంటారు. మా డెల్టా ఊళ్ళలో చెరువు కూడా అందరిదే. అందుకని చేపలు ఎవరినిబడితే వాళ్ళని పట్టుకుపోనిస్తారా? పంచాయతీ వేలం పెట్టి డబ్బు కట్టించుకుంటుంది.

ఈ వాదనకి నిర్మాతల చేతికి ఆయుధం అందించింది మనమే. మన సాహిత్య శాఖలు. ‘జానపద గేయానికి కర్త ఉండడు, అది సమష్టి సృష్టి’ అని బోధిస్తాం, పరీక్షల్లో రాయిస్తాం. సమష్టి సృష్టి అంటే ఎవరూ సృష్టించలేదని కాదే, చాలామంది సృష్టించారని! దివిసీమ పొలాల్లో నాట్లేసేటప్పుడు ఒకామె అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకోవడంలో ఎవరో ఒక మాట మారుస్తారు, మేస్త్రి మీద ఓ ఎత్తిపొడుపు కలుపుతారు. నచ్చితే అది నిలుస్తుంది. ఇది సహరచన కాక మరేమిటి? ఏసీ గదిలో నలుగురు మగవాళ్ళు చేస్తే ‘మ్యూజిక్ సిట్టింగ్స్’, మడిలో ఆడవాళ్ళు చేస్తే ‘జానపదం’. నా వైవాలో ఒక ఆచార్యులవారు, ‘కర్త తెలియని పాటలో స్త్రీ స్వరం ఉందని ఎలా అంటావమ్మా?’ అన్నారు. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు కదండీ అన్నాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

చాలామంది చేసిన పాటకి వాటాలు వెయ్యడం అసాధ్యమేమీ కాదు. 2014లో వచ్చిన ‘అప్‌టౌన్ ఫంక్’ తమ పాత పాటని పోలి ఉందని గ్యాప్ బ్యాండ్ తరఫున అడిగాక, 2015లో మరో 5 పేర్లు కలిపి రచయితలని 11 మందిని చేశారు. అమెరికాలో న్యాయం పొంగిపొర్లుతోందని కాదు. తాము రాయని పాటలో వాటా గుంజుకునే స్టార్లకి ఇక ఇవ్వబోమని ఎమిలీ వారెన్ వంటి రచయితలు 2021లో బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. బలం ఉన్నవాళ్ళదే వాటా, అక్కడైనా. కానీ 11 పేర్లు పట్టిన చోట మరో నాలుగు పేర్లు పట్టవా?

పాట ఇచ్చినామె వాటా ఎంతో రికార్డింగుకి ముందే కాగితం మీద పడాలి. కోరస్‌లో ప్రతి పేరూ టైటిల్స్‌కి ఎక్కాలి, ఆ మినహాయింపు పన్నిన ఉచ్చులోంచి బయటపడే దారి అదే. ఇవి పరిశ్రమని అడగాల్సినవి. మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది. విశ్వవిద్యాలయాల బీరువాల్లో సేకరించి పెట్టిన పాటల టేపులున్నాయి. ‘స్త్రీల పాటలు, కృష్ణా జిల్లా’ అని మాత్రమే లేబుల్ ఉన్నవాటిని ముందు బయటికి తియ్యండి. పాడినవాళ్ళలో కొందరైనా బతికుండగానే ఆ ఊళ్ళకి వెళ్ళి, పేర్లు రాసుకురండి.