ఆ పొట్లంలో బొమ్మ లేదు

డానా టార్ట్ నవల 'ది గోల్డ్‌ఫించ్' (2013) ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వింటున్నాం: తల్లిని పోగొట్టుకున్న పిల్లవాణ్ణి ఒక చిత్రం బతికించిందట, కళ దుఃఖాన్ని మాన్పుతుందనడానికి ఈ పుస్తకమే సాక్ష్యమట. ఇది తప్పు. మెచ్చుకుంటూ అన్నా తప్పే. ఆ మాటను నవలలోని కథే ఒప్పుకోదు.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో బాంబు పేలి, పదమూడేళ్ళ థియో డెకర్ తల్లి చనిపోతుంది. శిథిలాల్లో ప్రాణం పోతున్న ఒక ముసలాయన ప్రేరేపిస్తే, కారెల్ ఫాబ్రిషియస్ వేసిన పిట్ట బొమ్మను తీసుకుని థియో బయటపడతాడు. ఆ తర్వాత ఏం చేశాడో చూడండి. లాస్ వేగస్‌లో దాన్ని మంచం తలాపి వెనక టేపు వేసి దాచాడు. న్యూయార్క్ తిరిగొచ్చాక అద్దె గోదాములో పెట్టి తాళం వేశాడు. విప్పి చూసుకోవాలన్నా భయమే, పట్టుబడితే జైలు. పైగా అన్నేళ్ళు అతను కాపలా కాసిన పొట్లంలో బొమ్మే లేదు! స్నేహితుడు బోరిస్ వేగస్‌లోనే దాన్ని కొట్టేసి, బదులుగా ఒక బడి పుస్తకం చుట్టి పెట్టాడు. అసలు బొమ్మ నేరగాళ్ళ మధ్య తాకట్టు సరుకై తిరుగుతోంది. కళను మందుగా చూపించాలనుకునే రచయిత్రి ఇలాంటి కథ అల్లుతుందా?

ఆ ఏళ్ళంతా థియో మత్తు మాత్రల బానిస. అతని లోపలి పుండు వేరే ఉంది. బడిలో తన మీద చర్య తీసుకుని, తల్లిని పిలిపించారు కాబట్టే ఆ పొద్దున ఇద్దరూ బయల్దేరారు. దారిలో వాన వచ్చి మ్యూజియంలోకి వెళ్ళారు. అమ్మ నా వల్లే పోయిందన్న ఆ నమ్మకాన్ని ఏ చిత్రమూ చెరపలేదు. నవల పొడుగునా అది అతన్ని వదలదు. దాన్ని పక్కకు తోసి 'కళ మాన్పింది' అనడం ఆ పిల్లవాడి బాధను చిన్నబుచ్చడమే. అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లలకు ఈ పుస్తకాన్ని ఓదార్పు మాత్రలా అందిస్తున్నవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. పుస్తకం ముగిసినా బెంగ తీరకపోతే, లోపం తమదేనని ఆ పిల్లలు అనుకోరా?

థియోకు కాస్తయినా ఆసరా ఇచ్చింది గ్రీనిచ్ విలేజ్‌లో పాత సామాన్లు బాగుచేసే హోబీ కార్ఖానా. చెక్క, జిగురు, వార్నిషు మధ్య ఒక పెద్దమనిషి ఓపిక. ఆ నీడనే ఉండి, హోబీకి తెలియకుండా, అతను అతికించి తయారుచేసిన సామాన్లను అసలైన పురాతన వస్తువులని చెప్పి థియో అమ్మేస్తాడు. కళ దగ్గర పెరిగితే మనిషి మంచివాడవుతాడన్న భ్రమనూ టార్ట్ మిగల్చలేదు.

మరి ఈ నవలలో కళకు శక్తి లేదా? ఉంది, అది వేరే చోట ఉంది. 1654 అక్టోబరు 12న డెల్ఫ్ట్‌లో మందుగుండు గిడ్డంగి పేలి, ముప్పై రెండేళ్ళ ఫాబ్రిషియస్ చనిపోయాడు. అప్పుడు అతను గీస్తున్నది సైమన్ డెకర్ అనే చర్చి ఉద్యోగి చిత్రం. కథానాయకుడి ఇంటిపేరూ అదే. ఫాబ్రిషియస్ వేసినవాటిలో మిగిలినవి పన్నెండు దాకా ఉంటాయేమో. పిట్ట బొమ్మ ఆ ఏడాదిదే. 33.5 సెంటీమీటర్ల ఎత్తు, 22.8 వెడల్పున్న పలక. రెండు శతాబ్దాలు ఎవరికీ పట్టకుండా ఉండి, 1859లో థోరే అనే ఫ్రెంచి విమర్శకుడి కంటబడింది. 1896లో హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియానికి చేరింది. దాన్ని దాటించిన చేతులన్నీ పోయాయి, బొమ్మ ఉంది. ఏ చేతి దుఃఖాన్నీ అది తీర్చలేదు. థియో చెయ్యి ఆ వరసలో ఒకటి, అదీ తడబడిన చెయ్యి. నవల చెప్పేది ఈ కఠినమైన సంగతే.

న్యూయార్కర్ పత్రికలో విమర్శకుడు జేమ్స్ వుడ్ ఈ నవలను పిల్లల కథల కోవలోకి నెట్టాడు. బొమ్మ కోసం జరిగే ఆమ్‌స్టర్‌డామ్ తుపాకుల ఘట్టం వరకూ నేనూ ఒప్పుకుంటాను, అది సినిమా ఫక్కీయే. కానీ ఆ తర్వాత ఏమవుతుంది? బొమ్మ దొరికినందుకు వచ్చిన బహుమతి డబ్బుతో థియో ఊరూరా తిరిగి, తను మోసగించి అమ్మిన సామాన్లను కొన్నవాళ్ళ దగ్గరే తిరిగి కొంటాడు. ఆ పని అతని చేత చేయించింది చిత్రం కాదు, హోబీకి మొహం చూపించలేని సిగ్గు.