పార్టు మార్చడం కాదు.. లోపం పట్టడం నేర్చుకోండి

"పొద్దున్నే బయల్దేరారు. కారు స్టార్ట్ అవ్వలేదు. ఏం చేస్తారు?"

ఇంటర్వ్యూలో ఎవరైనా ఇలా అడిగితే మీ జవాబేంటి? చాలామంది నోట వెంటనే వచ్చేది "బ్యాటరీ మారుస్తాను" అనే. ఇంకొందరు "మెకానిక్‌కి ఫోన్ చేస్తాను" అంటారు. కానీ మంచి ఇంజినీరు ముందు తిరిగి ప్రశ్నలు వేస్తాడు. సెల్ఫ్ కొడితే శబ్దం ఏమైనా వచ్చిందా? డాష్‌బోర్డు లైట్లు వెలిగాయా? నిన్న రాత్రి బాగానే నడిచిందా? ఈ మూడు ప్రశ్నలు అడిగినవాళ్లు అప్పటికే సగం లోపం పట్టేసినట్టు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన ఇంజినీరింగ్ చదువులో సమస్యని ఎవరో తయారుచేసి, కావాల్సిన అంకెలన్నీ ఇచ్చి, జవాబు కనుక్కోమంటారు. ఉద్యోగంలో సమస్య ఏంటో మనమే కనుక్కోవాలి. అంకెలు మనమే కొలుచుకోవాలి. ఈ తేడా దగ్గరే చాలామంది ఫ్రెషర్లు తడబడతారు. దాన్ని దాటడానికి ఖరీదైన కోర్సు అక్కర్లేదు. ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న డిజైరో, అమేజో, హోండా సిటీయో చాలు. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకేచోట ఉన్న ల్యాబ్ అది.

శబ్దమే మొదటి రీడింగ్

స్టార్ట్ అవ్వని కారునే తీసుకుందాం. తాళం తిప్పితే టకటకమని వేగంగా శబ్దం వచ్చి, లైట్లు డల్ అయితే కరెంటు సరిపోవట్లేదని అర్థం. ఒక్కసారే టక్ మని ఆగిపోయి, లైట్లు మాత్రం బాగానే ఉంటే స్టార్టర్ మోటారు వైపు చూడాలి. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, రిలే, ఆటోమేటిక్ అయితే గేరు లివర్ పొజిషన్ చూసుకోవాలి. ఇంజిన్ తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదంటే పెట్రోలు, స్పార్కు, లేదా తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్. నాలుగు లక్షణాలు, నాలుగు వేర్వేరు దారులు. "బ్యాటరీ మారుస్తాను" అన్న జవాబు వీటిలో ఒక్కదానికే, అదీ కొన్నిసార్లే సరిపోతుంది.

తర్వాత కొలత. కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ఛార్జింగ్‌ని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పొద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. బ్యాటరీ 12.6 చూపిస్తోంది, అయినా కారు లేవట్లేదు. ఎందుకు? ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రం గుర్తు చేసుకోండి. స్టార్టర్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. టెర్మినల్ మీద తెల్లటి పొడి పట్టి, అక్కడ 0.02 ఓముల నిరోధం ఏర్పడిందనుకుందాం. 150ని 0.02తో గుణిస్తే 3 వోల్టులు. ఆ ఒక్క జాయింటులోనే 3 వోల్టులు పోయాయి. కరెంటు పారనప్పుడు మీటరు పెడితే ఈ నష్టం కనపడదు. అందుకే సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు ఒక కొనని బ్యాటరీ ముడి మీద, రెండో కొనని దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి చూడాలి. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది అర వోల్టో, ఒక వోల్టో చూపిస్తే దొంగ అక్కడే దొరికినట్టు. క్లాంపు విప్పి, శుభ్రం చేసి, గట్టిగా బిగిస్తే అయిపోతుంది. కొత్త బ్యాటరీ ఖర్చు మిగిలింది. ఓమ్ సూత్రం పరీక్షలో మార్కులే కాదు, ఇంట్లో వేల రూపాయలు కూడా తెచ్చిపెట్టిందన్నమాట.

మూడు రోజులకోసారి చచ్చిపోయే బ్యాటరీ

మా బాబాయి వాళ్ల సెడాన్‌కి ఒక జబ్బు ఉండేది. రోజూ నడిపితే బాగుంటుంది. మూడు రోజులు ఆపితే స్టార్ట్ అవ్వదు. ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. ఇంకో షెడ్డులో ఆల్టర్నేటర్ పోయిందన్నారు. ఛార్జింగ్ కొలిస్తే 14.2 వోల్టులు, అంటే అది నిక్షేపంగా ఉంది. నింపేవాడు బాగానే నింపుతున్నాడు, మరి ఎవరో తాగేస్తున్నారు.

కారు ఆపేసినా గడియారం, అలారం, కంప్యూటర్లు కొద్దిగా కరెంటు వాడుకుంటాయి. మామూలుగా అది 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉంటుంది. రోజుకి లెక్కేస్తే 1.2 ఆంపియర్ అవర్లు. ఇది కొన్ని వారాలు ఆగినా పర్లేదు. ఆ కారులో కొలిస్తే 400 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. రోజుకి 9.6 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ కెపాసిటీ 35. మూడు రోజులకి 28.8 పోతుంది. మిగిలిన దానితో స్టార్టర్ ఎలా తిరుగుతుంది? మూడు రోజుల లెక్క అక్షరాలా సరిపోయింది.

దొంగని పట్టే పద్ధతి చెప్తాను. నెగటివ్ కేబుల్ తీసి, మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ముడికీ కేబులుకీ మధ్య కలపాలి. తాళం దూరంగా పెట్టి, డోర్లు మూసి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంటో, ఇంకొంచెం ఎక్కువో ఆగాలి. ఈ ఓపిక లేనివాళ్లే తప్పుడు రీడింగ్ రాసుకుంటారు. తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూడాలి. ఏ ఫ్యూజు తీస్తే అంకె ధడాలున పడిపోయిందో ఆ దారిలోనే లోపం. మీటరు అలా కలిపి ఉన్నప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. బాబాయి కారులో దొరికింది బయట షాపులో బిగించిన మ్యూజిక్ సిస్టమ్. తాళంతో పాటు ఆగాల్సిన వైరుని నేరుగా బ్యాటరీ లైనుకి కలిపేశారు. ఒక్క వైరు మారిస్తే జబ్బు పోయింది.

ఎప్పుడు? ఎక్కడ?

లోపం పట్టడంలో "ఎప్పుడు" అన్న ప్రశ్నంత బలమైనది ఇంకోటి లేదు. ఇంజిన్ హీట్ ఎక్కుతోందనుకోండి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఎక్కి, అవుటర్ మీద పోతుంటే తగ్గిపోతోందా? అయితే రేడియేటర్ ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు చూడండి. వేగంగా పోతే గాలి దానంతటదే వస్తుంది కాబట్టి ఫ్యాను లోపం అక్కడ దాక్కుంటుంది. అదే, హైవే మీద పోతుంటేనే ఎక్కుతోందా? అయితే కూలెంట్ తగ్గడం, థర్మోస్టాట్ సరిగా తెరుచుకోకపోవడం, రేడియేటర్ పూడుకుపోవడం మీద అనుమానం పెట్టుకోవాలి.

స్టీరింగ్ వణుకు కూడా అంతే. బ్రేకు తొక్కినప్పుడే వణికితే ముందు డిస్కులు చూడాలి. 80, 100 వేగంలోనే వణికి, బ్రేకుతో సంబంధం లేకపోతే ముందు వీల్ బ్యాలెన్సింగ్. కారు ఒక పక్కకి లాగుతుంటే అలైన్‌మెంట్ కన్నా ముందు టైర్లలో గాలి చూసుకోండి. ఖర్చు లేని పరీక్ష ఎప్పుడూ ముందుండాలి.

కోడ్ అంటే తీర్పు కాదు

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరైంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెడితే లోపాల కోడ్లు ఫోన్‌లో కనిపిస్తాయి. చాలామంది చేసేదేంటంటే, కోడ్ చూడటం, దానిలో పేరున్న పార్టు కొనడం, మార్చడం. పీ0171 వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది మాత్రం ఇంజిన్‌కి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. పగిలిన గాలి పైపు కావచ్చు, బలహీనపడిన పెట్రోలు పంపు కావచ్చు. పాపం సెన్సర్ నిజం చెప్పింది, శిక్ష దానికే పడింది.

పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ ఉన్న పెట్రోలు కార్లలో దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి చల్లారనిచ్చి, రెండో కాయిల్‌ని మూడో చోట, మూడో దాన్ని రెండో చోట పెట్టండి. మళ్లీ నడిపితే కోడ్ పీ0303గా మారిందా? లోపం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, కాబట్టి కాయిలే దోషి. పీ0302గానే ఉంటే స్పార్క్ ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగ్ వైపు తిరగాలి. ఒకసారి ఒక్కటే మార్చు, మిగతావి కదపకు. సైన్సులో నియంత్రిత ప్రయోగం అంటే ఇదే. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేవాళ్లు చేసేదీ ఇదే.

ఇంకో మాట. కోడ్ కనపడగానే చెరిపేయకండి. లోపం వచ్చిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, లోడు ఎంతున్నాయో కారు రాసిపెట్టుకుంటుంది. చెరిపేస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది. సర్వర్ పడిపోతే లాగ్స్ డిలీట్ చేసేవాడిని ఏ కంపెనీ అయినా ఉంచుకుంటుందా?

ల్యాబ్ రికార్డు సంగతి

ఇక్కడ మన కాలేజీల గురించి కాస్త ఘాటుగానే చెప్పాలి. ల్యాబ్‌లో రీడింగ్ సరిగా రాకపోతే ఏం చేస్తాం? సీనియర్ రికార్డు తెచ్చుకుని, రావాల్సిన జవాబు నుంచి వెనక్కి లెక్కేసి అంకెలు నింపేస్తాం. గ్రాఫు అందంగా వస్తుంది, ఎక్స్‌టర్నల్ సంతకం పెడతారు. కానీ రీడింగ్ తప్పు రావడమే ఆ రోజు దొరికిన అసలు పాఠం. మీటరు తప్పా, వైరు వదులా, మన సర్క్యూటే తప్పా అని వెతికి ఉంటే అదే ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం అయ్యేది. ప్రతి ల్యాబ్‌లో ఒక్క ప్రయోగమైనా కావాలని పాడుచేసిన సర్క్యూట్ ఇచ్చి, లోపం పట్టమని అడగాలని నా కోరిక. సిలబస్ మారేదాకా ఆగలేం కాబట్టి ఇంట్లో కారుతో మొదలుపెట్టమంటున్నాను.

"మేం సీఎస్ఈ కదా, మాకెందుకు" అనొచ్చు. ఇప్పటి కారులో పదుల కొద్దీ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. హైదరాబాద్‌లోనే హ్యుందాయ్, జడ్ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. పెనుకొండలో కియా ప్లాంటు 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. టెస్టింగ్, వ్యాలిడేషన్, డయాగ్నోస్టిక్స్, సర్వీసు ఉద్యోగాలన్నిటికీ లోపం పట్టే బుర్రే పెట్టుబడి. "ఈవీలు వచ్చేస్తున్నాయిగా" అంటారా? చాలా ఈవీల్లోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు. ఇక "అమ్మాయిలకెందుకీ గ్రీజు పని" అనేవాళ్లకి ఒకటే జవాబు. మల్టీమీటరుకి పట్టుకున్నది ఎవరో తెలీదు.

రెజ్యూమెలో ఏం రాయాలి?

"ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్" అన్న లైను ప్రతి రెజ్యూమెలోనూ ఉంటుంది. దాన్ని తీసేసి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి. చూసిన ప్రతి లోపానికీ ఒక పేజీ. లక్షణం ఏంటి, ఎప్పుడు వచ్చింది, ఏం కొలిచారు, దేన్ని అనుమానించారు, ఏ పరీక్షతో తేల్చారు, చివరికి ఏం దొరికింది. స్కూటీ అయినా, ఇంట్లో మిక్సీ అయినా, మోటారు పంపు అయినా పర్లేదు. అలాంటివి ఐదు పేజీలుంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అరగంట సరుకు ఉన్నట్టే.

టయోటా ఉత్పత్తి విధానానికి రూపమిచ్చిన తైచీ ఓనో ఏ లోపం ఎదురైనా "ఎందుకు" అని ఐదుసార్లు అడగమనేవారు. మన బాబాయి కారుకే వేయండి. స్టార్ట్ ఎందుకు అవ్వలేదు? బ్యాటరీ ఖాళీ. ఎందుకు ఖాళీ? ఆగి ఉన్నా కరెంటు పోతోంది. ఎందుకు పోతోంది? మ్యూజిక్ సిస్టమ్ ఆగట్లేదు. ఎందుకు ఆగట్లేదు? వైరు తప్పు చోట కలిపారు. రెండు షెడ్ల వాళ్లూ మొదటి "ఎందుకు" దగ్గరే ఆగిపోయారు, బిల్లు మాత్రం పూర్తిగా వేశారు. అలాగని మెకానిక్‌లను తక్కువ చేయడం లేదు. చెవి పెట్టి విని లోపం చెప్పే పెద్ద మేస్త్రీలు ప్రతి ఊళ్లో ఉన్నారు. సెలవుల్లో వారం రోజులు అలాంటాయన పక్కన కూర్చోండి. అదీ ఇంటర్న్‌షిప్పే.

హద్దులు కూడా తెలుసుకోండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవద్దు, లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖం మీదకి ఎగజిమ్ముతాయి. ఒక్క జాకీ నమ్మి కారు కిందికి దూరొద్దు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు అది చివర. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి, హైబ్రిడ్‌, ఈవీల్లో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు. వారంటీలో ఉన్న కారు వైరింగ్ కదపొద్దు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఇంజినీరు లక్షణమే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లోవాళ్లని అడిగి బానెట్ తెరిచి, ఆగి ఉన్నప్పుడొకసారి, సెల్ఫ్ కొడుతున్నప్పుడొకసారి, ఇంజిన్ నడుస్తున్నప్పుడొకసారి బ్యాటరీ వోల్టేజీ కొలవండి. మూడు అంకెలూ నోట్‌బుక్‌లో రాయండి. అవి ఎందుకు అలా ఉన్నాయో ఇంట్లో అమ్మకో నాన్నకో అర్థమయ్యేలా చెప్పి చూడండి. చెప్పగలిగితే మొదటి పేజీ పూర్తయినట్టే.