రెండు వేళ్ళ సందు కోసం లక్షా ముప్ఫై వేలు

ముందే చెప్తున్నా, కార్ల మోజు ఉన్నవాళ్ళని వెక్కిరించడానికి ఇది రాయట్లేదు. ఆ మోజు నాకూ ఉంది. దానికి ఈఎంఐలు కూడా కట్టా. కాబట్టి ఇది బయటినుంచి వేస్తున్న రాయి కాదు, లోపలివాడి ఏడుపు అనుకోండి.

విషయం ఏంటంటే, మన ఊళ్ళో సస్పెన్షన్ 'అప్‌గ్రేడ్' పేరుతో జరిగేదాంట్లో ముప్పాతిక వంతు అప్‌గ్రేడ్ కాదు. కారుని కిందికి దించడం, అంతే. టైరుకీ పైన మడ్‌గార్డు అంచుకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు మిగిలితే గొప్ప, నాలుగు వేళ్ళు పడితే నామోషీ. దీనికోసం లక్షలు పోస్తున్నారు. పోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాది లాల్ దర్వాజా. ఆఫీసు గచ్చిబౌలి. రోజూ గల్లీలు దాటి, జూపార్క్ - ఆరాంఘర్ ఫ్లైఓవర్ ఎక్కి (2025 జనవరిలో తెరిచారు, ప్రాణం లేచొచ్చింది), రాజేంద్రనగర్ దగ్గర ఔటర్ పట్టుకుని పోతా. అంటే ఒకే ప్రయాణంలో రెండు లోకాలన్నమాట. 1591లో చార్మినార్ కట్టిన కాలంలో పల్లకీలకీ గుర్రాలకీ పుట్టిన వీధులు ఒకపక్క, 120 కి.మీ. వేగం దాకా అనుమతి ఉన్న ఎనిమిది లేన్ల రోడ్డు ఇంకోపక్క. కారు సెకండ్ హ్యాండ్ పోలో జీటీ టీఎస్ఐ. పోలో 2022లో ఆగిపోయింది కదా, అందుకే ఉన్నదాన్ని బంగారంలా చూసుకోవాలనుకున్నా. 70 వేల కి.మీ. తిరిగిన బండి. ఔటర్ మీద వందలో ఒక ఎత్తుపల్లం వస్తే వెనక భాగం ఒకటికి రెండుసార్లు ఊగి కానీ కుదుటపడేది కాదు. బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంగేది. ఈ బాధ నిజమే. దానికి నేను వెతికిన మందే తప్పు.

సిటీలో ఆ చివర ఉన్న ఒక మోడిఫికేషన్ షాపుకి పోయా. పేరెందుకు లెండి. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని వేళ్ళ గ్యాప్ కావాలి బ్రో?" రోజూ ఏ రోడ్డు మీద పోతావు, ఇంట్లో ఎంతమంది ఎక్కుతారు, ఇప్పుడున్న కారుతో ఇబ్బంది ఏంటి - ఒక్కటీ అడగలేదు. మా ఆఫీసులో రిక్వైర్‌మెంట్స్ అడక్కుండా కోడ్ మొదలెడితే మా మేనేజరు తోలు తీస్తాడు. ఇక్కడ మాత్రం నేనే నవ్వుతూ కార్డు గీకి వచ్చా. 32 స్టెప్పుల డాంపింగ్ ఉన్న కాయిలోవర్ కిట్టు, ఫిట్టింగుతో కలిపి 1,30,000 రూపాయలు.

తెలియనివాళ్ళకి: కాయిలోవర్ అంటే షాకబ్జర్ చుట్టూ స్ప్రింగు ఉండి, దాని బాడీకి మరలు కోసి ఉంటాయి. రింగు తిప్పితే కారు ఎత్తు మారుతుంది. కొన్నిట్లో పైన నాబ్ ఉంటుంది, అది తిప్పితే షాకబ్జర్ బిగువు మారుతుంది. ఇవి రెండూ వేరువేరు సంగతులు. ఈ తేడా తెలియకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. (ఇంకో జోకు: పోలోకి వెనక స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. బిల్లు మీద 'నాలుగు కాయిలోవర్లు' అని రాసినా వెనక ఉన్నవి అసలు కాయిలోవర్లే కావు :))

కారు 40 మి.మీ. దిగింది. ఫొటోలు అద్భుతం. ఇంటికొచ్చేసరికి మా గల్లీ స్పీడ్ బ్రేకర్ నా ఇంజను కింద భాగాన్ని గీకి ఒక సంతకం పెట్టింది.

అప్పుడు టేపు తీశా. ముందే తీయాల్సింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 కి.మీ. వేగంతో దాటేలా. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారు అలాంటి దాని మీద ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ హంపు మీదే ఉంటాయి కాబట్టి కడుపు కింద పోయే జాగా 45 మి.మీ. మాత్రమే. కాయితం మీద లెక్కేసి చూసుకోండి. మా గల్లీది మాత్రం రాత్రికి రాత్రి ఎవరో సిమెంటు పోసి కట్టింది. ఎత్తు 14 సెం.మీ., వెడల్పు 60 సెం.మీ. ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కకముందు, ఆ గోడ మొత్తం కడుపు కిందకి వస్తుంది. 140 మి.మీ. పూర్తిగా పోయినట్టే. నా కారు ఖాళీగా ఉన్నప్పుడు అసలు ఎత్తు 165. దించాక 125. ఒకటో తరగతి తీసివేత. బీటెక్ చదివిన నేను డబ్బు కట్టాక చేశా.

సరే, పైకి లేపించుకుందాం, 'అడ్జస్టబుల్' కదా అని మళ్ళీ షాపుకి పోతే తెలిసిన అసలు సంగతి: రింగు పూర్తిగా పైకి తిప్పినా కారు అసలు ఎత్తు కన్నా 25 మి.మీ. కిందే ఉంటుంది. అంటే 140. బ్రేకరూ 140! చాలా కిట్లు ఇంతే, కనీసం ఇంత దిగాల్సిందే. కొన్నవాడు ఎత్తు అలాగే ఉంచాలనుకుంటాడన్న ఆలోచనే ఆ డిజైన్‌లో ఉండదు. పైగా ఇక్కడ అమ్మే కార్లను మన రోడ్ల కోసం కంపెనీలు కొంచెం లేపి అమ్ముతాయి. యూరప్ ఎత్తుని లెక్కలో పెట్టుకుని చేసిన కిట్టు ఇక్కడ ఇంకా ఎక్కువే దించుతుంది.

గీతలు పడితే పడ్డాయి, పోనీ అనుకోవచ్చు. పోనీ అనుకోలేని విషయం ఇంకోటుంది. నాన్నకి నడుము ఆపరేషన్ అయింది. నెలకోసారి చెకప్‌కి నేనే తీసుకెళ్తా. కిట్టు వేయించాక మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు, షాలిబండా దాటేలోపే ఆయన పైన హ్యాండిల్ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఏమీ అనలేదు. మరుసటి నెల నేను తాళాలు తీస్తుంటే అన్నారు: "ఆటోల పోదాం తియ్యి బిడ్డా, నీ కారు వద్దు." లక్షా ముప్ఫై వేలు పెట్టి నా కారుని ఆటో కన్నా హీనం చేసుకున్నానన్నమాట.

ఇప్పుడు వాదనలకి వద్దాం. ఈ మాటెత్తగానే మిత్రులు చెప్పేవి నాలుగున్నాయి.

1. "కిందికి దిగితే హ్యాండ్లింగ్ బాగుంటుంది."

సగం నిజం. గురుత్వ కేంద్రం దిగుతుంది, ఒప్పుకుంటా. కానీ మన కార్లన్నిటికీ దాదాపుగా ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. కారు దిగితే లోయర్ ఆర్మ్ కోణం మారి, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు - దాన్నే రోల్ సెంటర్ అంటారు - కారు కన్నా ఎక్కువ కిందికి పోతుంది. రెండిటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే మలుపులో కారుని ఒరగదోసే బలానికి పొడుగాటి గునపం ఇచ్చినట్టు. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. ఇక చక్రం పైకి కదలడానికి ఉన్న జాగాలో 40 మి.మీ. ముందే మింగేశాం కాబట్టి, చిన్న గుంతకే సస్పెన్షన్ రబ్బరు బంప్‌స్టాప్‌కి కొట్టుకుంటుంది. మలుపు మధ్యలో అది జరిగితే ఆ టైరు పట్టు తప్పుతుంది. రేసు కార్లు కిందికి ఉంటాయి నిజమే, వాటికి తగ్గట్టు ఆర్ములూ, మౌంటింగులూ అన్నీ మారుస్తారు. మనం రింగు తిప్పి 'రేస్ సెటప్' అంటాం.

2. "32 స్టెప్పులున్నాయి, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు."

ముందు 32, వెనక 32. మొత్తం 1024 కాంబినేషన్లు, ఒక్కదానికీ టెస్ట్ కేసు లేదు! డాక్యుమెంటేషన్ లేని కాన్ఫిగ్ ఫైలు చేతికిచ్చి ప్రొడక్షన్‌లో ఆడుకోమన్నట్టు. అంకెల మాటే అయితే ఎంతో పేరున్న బిల్‌స్టైన్ బీ16కి ఉన్నవి పదే. అడగాల్సింది ఎన్ని స్టెప్పులని కాదు, ఆ నాబ్ ఏం మారుస్తుందని. చక్రం పైకి వచ్చేటప్పుడు ఆపేది కంప్రెషన్, స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు ఆపేది రీబౌండ్. ఔటర్ మీద ఊగకుండా ఉండాలంటే రీబౌండ్ కొంచెం బిగువుగా కావాలి. గల్లీలో నాన్న నడుము నిలవాలంటే కంప్రెషన్ మెత్తగా కావాలి. ఒకే నాబ్ రెండిటినీ కలిపి మార్చితే ఏదో ఒకటే దొరుకుతుంది. నా కిట్టు అదే బాపతు. అలాగని రీబౌండ్ మరీ బిగిస్తే, వరసగా ఆరు రంబుల్ స్ట్రిప్పులొచ్చినప్పుడు ఒకదాని నుంచి చక్రం కిందికి దిగేలోపే రెండోది తగులుతుంది, ఆరోదానికి కారు కూలబడిపోతుంది. ఇవన్నీ అమ్మేవాడు చెప్పాలి. వాడు వేళ్ళు లెక్కపెడుతున్నాడు.

3. "ట్రాక్‌కి కూడా పనికొస్తుంది కదా?"

ఏడాదికోసారి చెన్నైకో కోయంబత్తూరుకో పోయే ట్రాక్ కోసం మిగతా 364 రోజులూ శిక్షా? 2023 ఫిబ్రవరిలో నెక్లెస్ రోడ్డు వైపు ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? ఆ కార్ల కోసం రోడ్డుని సిద్ధం చేశారు. మీ కారు కోసం మీ గల్లీని ఎవరూ సిద్ధం చెయ్యరు. మీరే గల్లీకి సిద్ధం కావాలి.

4. "నా కారు, నా డబ్బు, నా ఇష్టం."

డబ్బు మీదే. రోడ్డు మాత్రం అందరిదీ. తయారీదారు స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఓనరుకి ఆరు నెలల దాకా జైలో, ఒక్కో మార్పుకి 5,000 జరిమానానో, రెండూనో పడొచ్చు. అరిగిన షాకబ్జర్ తీసి అదే రకం కొత్తది వేయడం రిపేరు. కారు ఆకారం మార్చేంత దించడం వేరే కథ. రేపు యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు సర్వేయరు ముందు మీ రెండు వేళ్ళ ఫిలాసఫీ చెప్పుకోండి.

ఇంతకీ నా కారు జబ్బేంటో తెలుసా? మా ఇంటి దగ్గర రేకుల షెడ్డులో పనిచేసే చాచా ఉన్నాడు. ఆయన లోయర్ ఆర్మ్‌కి పెద్ద రాడ్డు ఆనించి ఒక్క నెట్టు నెట్టి, చీలిపోయిన రబ్బరు చూపించాడు: "గాడీ అచ్చీచ్ హై సాబ్, బుష్ గయే." బుష్‌లు పోయాయి, స్ట్రట్ మౌంట్లు పోయాయి, వెనక షాకబ్జర్లు అరిగిపోయాయి. అంతే జబ్బు. డెబ్భై వేల కి.మీ. తిరిగిన రబ్బరుకి వచ్చే వయసు రోగం. ఆ పాత బుష్‌ల మీదే నేను లక్ష రూపాయల కిట్టు బిగించా!

కిట్టుని సగం ధరకి కూడా తక్కువకే అమ్మేశా. బుష్‌లు, మౌంట్లు, లింక్ రాడ్లు, నాలుగు మామూలు కొత్త షాకబ్జర్లు, అలైన్‌మెంట్ - అన్నీ కలిపి ఆ లక్షా ముప్ఫైలో మూడో వంతు కూడా కాలేదు. ఔటర్ మీద ఊగడం పోయింది.

కాబట్టి నా మాట ఇది. ముందు టైర్లు, వాటిలో గాలి. తర్వాత బుష్‌లు. తర్వాత మంచి షాకబ్జర్లు, కారు అసలు ఎత్తులోనే. బిల్‌స్టైన్‌లో బీ6 అసలు స్ప్రింగుల మీదే పనిచేయడానికి చేసింది. ఇంత చేశాక కూడా తృప్తి లేకపోతే, అప్పుడు అడ్జస్టబుల్ కొనండి, వద్దనను. కానీ నాబ్ చూసి కొనండి, రింగు చూసి కాదు. కేడబ్ల్యూలో వేరియంట్ 1కి ఎత్తు మాత్రమే మారుతుంది, వేరియంట్ 2కి రీబౌండ్ కూడా, వేరియంట్ 3కి రీబౌండూ కంప్రెషనూ వేరువేరుగా. ధర తేడా అందుకే. కొనేముందు మూడు అడగండి: పూర్తిగా పైకి తిప్పితే నా కారు అసలు ఎత్తుకి వస్తుందా? నాబ్ ఏది మారుస్తుంది? సీలు కారితే ఇండియాలో రిపేరు చేస్తారా? ఈ మూడిట్లో ఒక్కదానికి నీళ్ళు నమిలినా లేచి వచ్చేయండి. వచ్చే ముందు టేపు తీసుకుని మీ గల్లీ బ్రేకర్ కొలవండి. మీ సస్పెన్షన్ స్పెసిఫికేషన్ రాసి ఉన్నది దాని మీదే, కేటలాగులో కాదు.

పోయిన నెల చెకప్‌కి నాన్న మళ్ళీ నా కారెక్కారు. దారంతా ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక దిగుతూ, "ఇప్పుడు మంచిగున్నది, ఏం ఏసినవ్?" అన్నారు.

"ఏం లేదు నాన్నా, అసలుదే మళ్ళీ ఏశ్న" అన్నా.