నవంబరు లైనులో ఒక్క రక్తపు చుక్క

నవంబరు వచ్చిందంటే కంభంలో మా మిలిటరీ వాళ్లం ఒకరికొకరం కనబడతాం. లైఫ్ సర్టిఫికెట్ నెల అది. ఎవరు బతికున్నారో సర్కారుకు తెలిసేది అప్పుడే, మాకు తెలిసేదీ అప్పుడే. అర్ధవీడు నుంచి, బేస్తవారిపేట నుంచి, రాచర్ల నుంచి బస్సు దిగి, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని బెంచీల మీద కూర్చుంటాం. సేద్యం చేసి చేసి వేళ్లు అరిగిపోయాయి, ముద్ర పడదు. "గట్టిగా రుద్దండి సార్" అంటాడు కంప్యూటరు ముందున్న కుర్రాడు. పంచెకు వేలు తుడుచుకుని మళ్లీ పెడతాం.

ఆ వేలినే ఇంకొక్క నిమిషం ఇమ్మంటున్నాను. సూదితో గుచ్చి, చుక్క రక్తం తీసి, లివరును దెబ్బతీసే హెపటైటిస్-సి ఉందో లేదో చూడమంటున్నాను. మిషన్లు అక్కర్లేదు, చిన్న కిట్టు చాలు. టీ తాగి వచ్చేలోపు ఫలితం తెలుస్తుంది.

నాకెందుకింత పట్టింపంటే, సూదులతోనే నా సర్వీసంతా గడిచింది. 1982లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, 2000లో హవల్దారుగా దిగాను. అప్పుడంతా గాజు సిరంజీలే. టీఏబీ (టైఫాయిడ్ టీకా) సూది వేసే రోజున కుర్రాళ్లు బనియన్లు విప్పి, చేయి నడుం మీద పెట్టుకుని బారులు తీరేవాళ్లు. మొన మొద్దుబారిన సూదిని సానరాయి మీద నూరి మళ్లీ వాడేవాళ్లం. నీళ్లు తెర్లాక ఇరవై నిమిషాలు ఉడికించాలని మాకు నేర్పారు. లైను పొడుగైన రోజున ఆ ఇరవై, పది అయ్యేది. ఎవరి మీదో నెట్టడం లేదు, నా చేతులతో నేను చేసిన పనే చెబుతున్నాను. సెలవు మీద ఊరికొస్తే ఇక్కడ ఆర్‌ఎంపీ స్టీలు డబ్బాలోనూ ఇదే తంతు. తిరునాళ్లలో ఒకే సూదితో పదిమందికి పేర్లు పొడిచిన పచ్చబొట్లు సరేసరి.

ఇలా ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి పాకే హెపటైటిస్-సి వైరస్ సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు. 1989లో గానీ దొరకలేదు. దాన్ని పట్టుకున్నందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ ఇచ్చారు. దాతల రక్తానికి మన దేశంలో ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. ఈ ఏళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. 1987-90 మధ్య శ్రీలంకలో, 1999లో కార్గిల్‌లో గాయపడి రక్తం ఎక్కించుకున్నవాళ్లంతా ఆ తప్పనిసరికి ముందువాళ్లే.

మా బావ అలాంటివాడే. వరసకు బావ, నాకంటే రెండేళ్లు పెద్ద. శ్రీలంకలో జీపు బోల్తాపడితే రెండు బాటిళ్లు ఎక్కించారు. జన్మలో మందు ముట్టినవాడు కాదు. ముప్ఫై ఏళ్ల తర్వాత కంటి శుక్లాలకు ఆపరేషనుకెళితే, ముందు చేసే రక్తపరీక్షలో హెచ్‌సీవీ, అంటే హెపటైటిస్-సి వైరస్, పాజిటివ్ అని వచ్చింది. ఆపరేషన్ ఇక్కడ చేయం అని పంపించేశారు. తిన్నగా మా ఇంటికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "ఏరా బామ్మర్దీ, ఇది ఎయిడ్సు లాంటిదా? మీ అక్కకు చెప్పమాక." ఆ రోజు నుంచి కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాడు. మనవడు ఒళ్లోకి ఎక్కబోతే నెట్టేసేవాడు. కలిసి తింటే, ఎత్తుకుంటే ఇది అంటదని నేను చెప్పినా నమ్మలేదు. డాక్టరు చెప్పాక నమ్మాడు.

వైరస్ ఇంకా ఒంట్లో ఉందా, దానంతటదే పోయిందా అని రెండో పరీక్ష చేశారు. ఉంది. సోఫోస్బువిర్, డక్లటాస్విర్ అని రోజుకు ఒక్కో మాత్ర, 84 రోజులు. సోఫోస్బువిర్ 2013లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 2015కల్లా మన హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటిరో దాన్ని అందులో చిన్న వంతు ధరకే తయారుచేశాయి. 2018 జులై 28న కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి పరీక్షా, మందూ ఉచితం చేసింది. బావకు అయింది బస్సు ఛార్జీలే. మాత్రలు అయిపోయిన మూడు నెలలకు మళ్లీ చూస్తే వైరస్ లేదు. ఈ మందుతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఇప్పుడు కంటి ఆపరేషన్ కూడా అయి, కళ్లజోడు లేకుండా పేపరు చదువుతున్నాడు. ఇది చదివి నా మీద కేకలేస్తాడు, తెలుసు.

తర్లుపాడు వైపు సుబేదారుకు ఆ అదృష్టం లేదు. కడుపు ఉబ్బి, నీళ్లు తీయించుకుంటూ పోయాడు. ఆయన తాగేవాడు, దాచేదేముంది. మిలిటరీ రమ్ము తినేసిందని ఊరంతా అంది, నేనూ అన్నాను. కర్మంతరాల నాడు కొడుకు ఫైలు చూపిస్తే అందులో ఉంది హెచ్‌సీవీ కాగితం. ఈ వైరస్ ఉన్నవాడు తాగితే లివరు ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ముందే తెలిసుంటే మాత్రలూ పడేవి, సీసా మాన్పించడానికి మాకో కారణమూ దొరికేది.

లక్షణాలుంటే పరీక్ష రాస్తాం కదా అంటారు. లక్షణాలే రావు! ఇరవై ముప్ఫై ఏళ్లు కిక్కురుమనకుండా కూర్చుంటుంది. కామెర్లో, కడుపులో నీరో వచ్చేసరికి లివరు చేయిదాటిపోతుంది. మన దేశంలో ఇది 55 లక్షల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక అంచనా. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు.

ఇది సైనికుల జబ్బని కాదు నా మాట. వెతకడానికి మాకంటే సులువైనవాళ్లు లేరంటున్నాను. మా పేర్లు, పుట్టిన తేదీలు, గాయాల రికార్డులు అన్నీ సర్కారు దగ్గరే ఉన్నాయి. 2003 నుంచి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డులున్నాయి. అమెరికాలో మాజీ సైనికుల ఆరోగ్య శాఖ జబ్బు ముదిరేదాకా ఆగలేదు. 1945-65 మధ్య పుట్టినవాళ్లను పిలిచి పరీక్షించింది, 2014 నుంచి లక్షమందికి పైగా మందిచ్చింది. మన దగ్గర అడిగితే రాస్తారు. అడగాలని తెలిసినవాడేడీ? ఫ్యామిలీ పింఛను తీసుకునే మా ఆడవాళ్లనూ మరవొద్దు. పాతరోజుల్లో కాన్పులకు రక్తం ఎక్కించుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.

సైనిక సంక్షేమ అధికారులు, ఈసీహెచ్‌ఎస్ వాళ్లు, జిల్లా వైద్య శాఖ ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది. వచ్చే నవంబరుకు కంభంలో ఒక బల్ల వేయించండి, ఒక టెక్నీషియన్ను పంపండి. లైను నిలబెట్టడం నాకు అలవాటే, వచ్చి కూర్చుంటాను. సూది మాత్రం మనిషికొక కొత్తది తెచ్చుకోండి.