ఆ చావు విధిరాత కాదు

మన విషాద ప్రేమగీతాల్లో హంతకుడు దొరకడు. విధి అంటారు, తలరాత అంటారు, చందమామను నిలదీస్తారు. గుమ్మంలో కర్ర పట్టుకు నిలబడ్డ నాన్నను మాత్రం నేను విన్న ఏ చరణమూ అడగలేదు.

1953 నాటి దేవదాసు సినిమానే తీసుకోండి. సముద్రాల సీనియర్ కలం, సుబ్బరామన్ బాణీ, ఘంటసాల గొంతు. ఇవాళ్టికీ వింటే కళ్లు చెమరుస్తాయి. అందుకే నా కోపం మరింత. దేవదాసు, పార్వతిలను విడదీసింది జమీందారీ అంతస్తు. మనకు మిగిలింది సీసా, దగ్గు, వేదాంతం. ప్రేమలో ఓడిన ప్రతి కుర్రాడూ దేవదాసే. ఈడూజోడూ కానివాడికి కట్టబెట్టిన పార్వతి పేరు ఎవరికీ మారుపేరు కాలేదు. ఆమెకూ అందులో పాట ఉంది, కె. రాణి ఎంత గుండె కోసేలా పాడిందో! జనం నోట నిలిచింది తాగినవాడి పాటే.

2021లో ఉప్పెన. ఉప్పాడ తీరం, మత్స్యకారుడి కొడుకు, పరువు పిచ్చి ముదిరిన తండ్రి. కూతుర్ని ప్రేమించినందుకు కుర్రాడి మగతనాన్నే కోయిస్తాడు. పాటలేమో ఆమె కళ్లలో నీలి సముద్రం చూపిస్తూ సినిమా కంటే ముందే ఊరూరా మోగాయి. కులం చూసి కుదిర్చిన పెళ్లిళ్ల ఊరేగింపుల్లోనూ అవే పాటలు!

పాట పని ఓదార్చడమే కదా అంటారు. ఎవర్ని? చంపించినవాడు సైతం కారులో అదే పాట వింటూ కన్నీళ్లు పెట్టుకోగలడు. అందులో అతని ప్రస్తావనే లేదు మరి.

మరాఠీలో నాగరాజ్ మంజులే 2016లో సైరాట్ తీశాడు. అజయ్-అతుల్ పాటలు ఉర్రూతలూగించాయి. చివర్లో అమ్మాయి పుట్టింటివాళ్లు ప్రేమజంటను చంపి వెళ్లాక సంగీతం ఆగిపోతుంది. వాళ్ల పసివాడి నెత్తుటి అడుగులు, అంతే. ఏడ్చి గుండె బరువు దించుకోవడానికి మనకు రాగమే ఇవ్వలేదు.

కవులారా, పాటకు వస్తువు కావాలా? మతం దాటి పెళ్లాడే జంటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముందుగా నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. మేనమామ చదవొచ్చు, కులపెద్ద చదవొచ్చు. ఆ 30 రాత్రులు ఆ పిల్ల ఎక్కడ తలదాచుకుంటుంది? ఫోను మోగితే ఎలా ఉలిక్కిపడుతుంది? అది రాయండి. పల్లవిలోనే తండ్రిని పిలిచి అడగండి.