నూలుపోగుల ఇంటిలో పిల్లి

సూరత్ నగరపు ఆగ్నేయ దిశలో, ఉధ్నా రైల్వే స్టేషనుకు ఆవల, దిండోలీని ఆనుకొని నవాగామ్ అనే ప్రాంతం ఉన్నది. గుజరాతీలో ఆ పేరుకు ‘కొత్త ఊరు’ అని అర్థం. పేరుకు తగినట్లే ఇక్కడివారిలో చాలమంది ఎక్కడెక్కడి నుండో వచ్చి స్థిరపడినవారు. ఖాందేశ్ మరాఠీలు, ఒడియా వారు, ఉత్తరాది వారు, వారితోపాటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని తరలివచ్చిన మన నేతపనివారు. మగవారు సాంచాల మీద బట్ట నేస్తారు. ఆడవారు ఇంటి పట్టున కూర్చుండి చీరలకు అంచులు కుడతారు, రాళ్ళు అతికిస్తారు, వెనుక వ్రేలాడే పోగులు కత్తిరిస్తారు. ఇటువంటి వీధులలో పిల్లికి పేర్లు కూడ ఎక్కువే. ఒక గడపలో ‘బిలాడీ’, ప్రక్క గడపలో ‘మాంజర్’, ఆ ప్రక్కన ‘పిల్లి’. అది మాత్రం ఏ పేరుకూ పలుకదు; చేపలు కడిగిన చప్పుడుకు మూడిళ్ళకూ వస్తుంది.

దారం చుట్టూ బ్రతుకు సాగే ఇంటిలో పిల్లిని పెంచేవారు ముందుగా తెలుసుకొనవలసిన అపాయం కుక్క కాదు, మోటారు బండి కాదు. నేలమీద పడియున్న జానెడు దారపు పోగు. దీనిని గూర్చి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది.

పిల్లి దారంతో ఆడుకొనుట మనకు ముచ్చటగా కనబడుతుంది. కాని అది ఆట మాత్రమే కాదు. నేలమీద సన్నగా కదలిపోయే వస్తువును చూడగానే ఎలుక తోకనో, పాము పిల్లనో చూసినట్లు దాని వేట బుద్ధి మేలుకొంటుంది. పంజాతో కొడుతుంది, పట్టుకొంటుంది, నోట పెట్టుకొంటుంది. అక్కడితో చిక్కు వస్తుంది. పిల్లి నాలుక గరుకుగా ఉండుట అందరూ ఎరిగినదే. ఆ గరుకుదనం గోళ్ళకు ఆధారమైన కెరటిన్ పదార్థంతో ఏర్పడిన చిన్న ముళ్ళ వలన కలుగుతుంది. అవన్నీ గొంతు వైపుకు వంగి ఉంటాయి. ఎముకల మీది మాంసాన్ని గీకి తినుటకు, ఒంటి బొచ్చును దువ్వుకొనుటకు అవి చక్కని సాధనం. (సంస్కృతంలో ‘మార్జార’ శబ్దం తుడుచు, శుభ్రపరచు అనే అర్థం గల ధాతువు నుండి వచ్చినది. పేరు పెట్టినవారు పిల్లిని బాగుగానే గమనించారు.) అయితే ఆ ముళ్ళకు తగులుకొన్న దారాన్ని పిల్లి వెలుపలికి ఉమ్మివేయజాలదు. వదలించుకొనడానికి నాలుక ఆడించిన కొద్దీ అది ఇంకా లోపలికే పోతుంది.

చిన్న ముక్క అయితే మలంతోపాటు వెలుపలికి పోవచ్చును. పొడవైన పోగు అయితే దాని ఒక కొస నాలుక మొదట చుట్టుకొనియో, జఠరపు ద్వారం వద్ద ఉండ కట్టియో నిలిచిపోతుంది. రెండవ కొస ప్రేగులోనికి జారుతుంది. ప్రేగు తన సహజ ధర్మం ప్రకారం దానిని ముందుకు త్రోయాలని చూస్తుంది. పై కొస కదలదు. అప్పుడు దారం ముందుకు పోవుటకు మారుగా ప్రేగే దారం మీదికి ఎక్కుతుంది. పరికిణీ బొందు లాగినపుడు గుడ్డ ఎట్లు కుచ్చులు పడుతుందో ప్రేగు అట్లు ముడుచుకొని పోతుంది. బిగుసుకొన్న పోగు ప్రేగు లోపలి గోడను రంపం వలె కోస్తుంది. రంధ్రం పడినచో లోపలి మాలిన్యం కడుపంతా వ్యాపించి ప్రాణం మీదికి వస్తుంది. పాలియెస్టర్ దారం, జరీ పోగు కడుపులో అరిగేవి కావు. సూదితో కూడిన దారం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

లక్షణాలు మొదట స్వల్పంగానే ఉంటాయి. పిల్లి ఆహారం ముట్టదు. మాటిమాటికి వాంతి చేసుకొంటుంది. మంచం క్రింద, బట్టల మూటల వెనుక ఒదిగి, వీపు గూని చేసి కూర్చుంటుంది. కడుపు మీద చెయ్యి వేయనీయదు. బొచ్చు ఉండను కక్కుతున్నదని అనేకులు దీనిని తేలికగా తీసుకొంటారు. బొచ్చును కక్కిన పిల్లి మరు గడియలో అన్నం అడుగుతుంది, ఇది అడుగదు. భేదం అక్కడ ఉన్నది.

ఒకప్పుడు నోటి అంచున గాని, మలద్వారం వద్ద గాని దారపు కొస కనబడుతుంది. చూచినవారికి ముందుగా కలిగే ఊహ దానిని పట్టి లాగుట. అది ఎన్నడూ చేయరాదు. రెండవ కొస ఎక్కడ చిక్కుకొన్నదో మనకు కనబడదు. మనం లాగిన లాగుడుకు లోపల ప్రేగు కోసుకొనిపోతుంది. ఆముదం పోయుట, అరటిపండు మ్రింగించుట కూడదు. కదలనీయకుండ ఒక బుట్టలోనో అట్టపెట్టెలోనో పెట్టి పశువైద్యుని వద్దకు తీసుకొని పోవలెను. ‘దారం మ్రింగినదని అనుమానం’ అని మీరే ముందుగా చెప్పుట మేలు. ఏలననగా ఎక్స్‌రేలో దారం కనబడదు, ముడుచుకొన్న ప్రేగు ఆకారాన్ని బట్టి వైద్యుడు ఊహించవలసి ఉంటుంది. నాలుక క్రింద చూడుమని కూడ కోరవచ్చును. వేళకు శస్త్రచికిత్స జరిగినచో చాల పిల్లులు బ్రతుకుతాయి. రెండు మూడు రోజులు చూద్దామని ఊరకున్న ఇళ్ళలోనే కథ విషాదాంతమవుతుంది.

ఇందుకు నివారణ ఖర్చుతో కూడినది కాదు. పని ముగియగానే నేల ఊడ్చి, కత్తిరించిన పోగులను మూత గల డబ్బాలో వేయవలెను. మూత లేని బుట్ట పిల్లికి ఆటవస్తువుల పెట్టె వంటిది. కండెలు, సూదులు పెట్టెలో ఉండవలెను. పిల్లికి ఆట అవసరమే కనుక దాని బదులు కాగితపు ఉండ, ఖాళీ అట్టపెట్టె ఇచ్చినచో సంతోషిస్తుంది. కొనితెచ్చిన బొమ్మకంటె అది వచ్చిన పెట్టెనే పిల్లి ఎక్కువగా ఇష్టపడుట పెంచేవారికి అనుభవమే.

ఇక ఆహారం. పిల్లి అనగానే పాలు జ్ఞాపకం వచ్చుట మన అలవాటు. వాస్తవానికి పాలు మరచిన పిల్లులలో చాలవాటికి పాలలోని చక్కెరను జీర్ణించుకొనే శక్తి తగ్గిపోతుంది. పాలు త్రాగి విరేచనాలు చేసుకొంటాయి. పిల్లికి కావలసినది మాంసం. జంతుమాంసంలో లభించే టారిన్ అనే పదార్థాన్ని అది తన శరీరంలో తగినంత తయారు చేసుకొనలేదు. టారిన్ కొరవడిన పిల్లులకు కంటిపొర క్షీణిస్తుందని 1975లోను, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కుక్క అన్నం తిని బ్రతుకగలదు. పిల్లికి అది సాధ్యం కాదు. శాకాహారం పాటించే కుటుంబాలు గుజరాత్‌లో అనేకం. వారి నియమాన్ని గౌరవించవలసినదే. కాని ఆ నియమాన్ని పిల్లి మీద మోపుట న్యాయం కాదు. రొట్టె, పాలు మాత్రమే పెట్టగలవారు పిల్లిని పెంచకుండుటే దానికి ఉపకారం. చేప గాని, కోడిమాంసం గాని ఉడికించి, ముండ్లు, ఎముకలు తీసి, ఉప్పు కారం లేకుండ పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నాశనం చేస్తాయి కాబట్టి మనం తిన్న పులుసు మెతుకులు పనికిరావు. ఇంటి వంటతోనే సరిపుచ్చక టారిన్ కలిసిన తయారీ ఆహారం కొంతైనా జతచేయుట మంచిది.

ఎలుకల కోసం పిల్లిని తెచ్చుకొనే ఇళ్ళు ఈ ప్రాంతాలలో తక్కువ కాదు. సూరత్‌కు ఎలుక పేరు వింటే గుర్తు వచ్చే సంవత్సరం ఒకటి ఉన్నది. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు సోకి 50కి పైగా ప్రాణాలు పోయాయి. లక్షలాది జనం రైళ్ళు పట్టుకొని ఊరు విడిచిపోయారు. నగరాన్ని తిరిగి నిలబెట్టినది పిల్లులు కావు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో వీధులలో చెత్త పేరుకొనకుండ చేయుటతోనే మార్పు వచ్చినది. పిల్లి చుంచును పట్టగలదు. ముదిరిన పందికొక్కు జోలికి సాధారణంగా పోదు. న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లో ఒక చెత్త కేంద్రంలో పిల్లులను 79 రోజులు కెమెరాలతో గమనించిన పరిశోధకులు 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం అవి చంపిన ఎలుకలు రెండే! పైగా ప్లేగు పిల్లికి కూడ సోకుతుంది. ఎలుకల మందు పెట్టిన ఇంటిలో, ఆ మందు తిన్న ఎలుకను తిని పిల్లి చావవచ్చును. కావున పిల్లిని పిల్లి కోసమే పెంచవలెను.

మందుల విషయంలో ఒక్క హెచ్చరిక. పిల్లికి ఒళ్ళు వేడిగా ఉన్నదని మనం వేసుకొనే పారాసెటమాల్ మాత్ర వేయుట విషం పెట్టుటతో సమానం. దానిని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి అతి స్వల్పం. పెద్దల మాత్ర ఒక్కటి చాలు దాని ప్రాణం తీయడానికి. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరక ముందే పిల్లి నడిచి, పాదాలు నాకినా అపాయమే. కుక్కలకు వాడే గోమారి మందులలో కొన్ని కూడ పిల్లికి ప్రాణాంతకాలు.

మగపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుండి, చుక్క కూడ రాక అరచుచుంటే మలబద్ధకమని భ్రమపడకండి. మూత్రమార్గం మూసుకొన్నదని అర్థం. రెండు మూడు రోజులలో చనిపోతుంది. ఆ రాత్రి తెల్లవారే వరకు ఆగుట కూడ ప్రమాదమే.

టీకాల సంగతి చాలమంది కుక్కకే పరిమితమనుకొంటారు. పిల్లికూనలను తుడిచిపెట్టే పాన్‌ల్యూకోపీనియా అనే వ్యాధి ఉన్నది; వాంతులు, విరేచనాలతో కూనలు రోజులలో పోతాయి. ఆ క్రిమి నేలమీద నెలల తరబడి బ్రతికి ఉంటుంది. అందువలన ఒక కూన పోయిన ఇంటికి వెంటనే మరొకటి తేరాదు. 6 నుండి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండే వరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయించవలెను. మూడు నెలలు నిండిన తరువాత రేబీస్ టీకా. పిల్లి కరచినా, రక్తం వచ్చేటట్లు గీరినా కారం, సున్నం పూయక, సబ్బుతో ధారగా పారే నీటిలో 15 నిముషాలు కడిగి ఆనాడే వైద్యుని చూడవలెను. పిల్లికి టీకా వేయించినదని ఈ జాగ్రత్త మానరాదు.

‘పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు త్రిప్పినట్లు’ అని మనలో సామెత ఉన్నది. అది చాపల్యం కాదు. వాసన ముదిరినా, మనుషుల రాకపోకలు ఎక్కువైనా, శత్రువు పొడ కనబడినా తల్లి కూనలను మెడ పట్టుకొని చోటు మారుస్తుంది. మాటిమాటికి చూడవచ్చే పిల్లలను వారించినచో అది ఒక ఇంటనే ఉంటుంది. అయితే ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే కట్టవచ్చును. గర్భం రెండు నెలలు. ఏడాదిలో రెండు మూడు ఈతలు. ఆ కూనలకు ఏడిళ్ళు ఎక్కడ వెదకగలం? అయిదు నెలలు దాటగానే శస్త్రచికిత్స చేయించుట వీధికి, ఇంటికి, పిల్లికి కూడ హితం. మగపిల్లికి చేయించినచో రాత్రి పోట్లాటలు, గోడల మీద మూత్రం చిమ్ముట బాగా తగ్గుతాయి.

సూరత్‌లో జంతువులకు చికిత్స కొత్త సంగతి కాదు. 17వ శతాబ్ది చివరలో ఇక్కడికి వచ్చిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, ఈ ఊరిలో ముసలి పశువులకు, గాయపడిన జంతువులకు వైద్యశాల ఉండుట చూచి ఆశ్చర్యపడి తన గ్రంథంలో వ్రాశాడు. నేడు గుజరాత్‌లో 1962 నంబరుకు ఫోను చేసినచో జంతువుల అంబులెన్సు వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సంచార పశువైద్య వాహనాలకు కూడ ఇదే నంబరు. నవసారిలో పశువైద్య కళాశాల ఉన్నది.

జనవరి 14 ఉత్తరాయణం నాడు సూరత్ ఆకాశమంతా గాలిపటాలే. మరునాటి నుండి డాబాల మీద, తీగల మీద, చెట్ల మీద తెగిన మాంజా వ్రేలాడుతూ ఉంటుంది. గాజుపొడి పూసిన ఆ దారం నూలుపోగుకంటె క్రూరమైనది. పండుగ మరునాడు చీపురు పట్టుకొని డాబా ఎక్కి, కనబడిన ప్రతి పోగును ఏరి, ఉండ చుట్టి, మూసిన సంచీలో పెట్టి చెత్తబండిలో వేసిన తరువాతనే పిల్లిని పైకి పోనీయండి.