లైసెన్సు చూడండి, ఇల్లంతా వెతకకండి

2018 ఫిబ్రవరిలో కంప్యూటర్ మీద విమానం నడిపే సరదా ఉన్న ఒకరు, ఎయిర్‌బస్ ఏ320 ప్రోగ్రామ్ ఫైళ్లను విప్పి చూశారు. అందులో 'టెస్ట్' అన్న పేరుతో ఒక చిన్న ఫైలు దొరికింది. విమానానికీ దానికీ సంబంధం లేదు. క్రోమ్ బ్రౌజర్‌లో మనం దాచుకున్న పాస్‌వర్డులను బయటికి లాగే పనిముట్టు అది. ఆ ప్రోగ్రామ్ తయారుచేసిన ఫ్లైట్‌సిమ్‌ల్యాబ్స్ కంపెనీ కాదనలేదు. దొంగ సీరియల్ నంబరు వాడినవాళ్ల మీదే అది పనిచేస్తుందని మొదట సమర్థించుకుంది, గగ్గోలు చెలరేగాక తీసేసి క్షమాపణ చెప్పింది. కానీ ఆ ఫైలు ఇన్‌స్టాలర్‌తో పాటు సొమ్ము చెల్లించిన వాళ్ల కంప్యూటర్లలోకీ దిగింది. వాళ్లకు ఒక్క మాట చెప్పకుండా దిగింది.

సాఫ్ట్‌వేర్ దొంగతనం చిన్న నేరమని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి కష్టపడి రాసిన ప్రోగ్రామ్‌ను ఒకడు తాళం విరగ్గొట్టి ఊరందరికీ పంచితే, నష్టపోయేది పెద్ద కంపెనీలే కాదు, ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న సంస్థలు కూడా. అయితే లైసెన్సు తనిఖీకి కావలసింది ఒకే ప్రశ్నకు జవాబు: ఈ నకలుకు అనుమతి ఉందా, లేదా? ఆ జవాబుకు అవసరమైన దానికన్నా ఎక్కువ ఏది పట్టుకెళ్లినా దాన్ని తనిఖీ అనకూడదు, నిఘా అనాలి.

ఈ గీత దాటడం కొత్తేమీ కాదు. 2005లో సోనీ బీఎంజీ తన సంగీతం సీడీల్లో నకళ్లను అడ్డుకునే ప్రోగ్రామ్ పెట్టింది. అది విండోస్ లోతుల్లో దాక్కుని, ఒక ప్రత్యేక గుర్తుతో పేరు మొదలయ్యే ఫైళ్లన్నింటినీ కనిపించకుండా చేసేది. ఆ సంగతి బయటపడిన కొద్ది రోజుల్లోనే వైరస్‌లు రాసేవాళ్లు అదే గుర్తు తగిలించుకుని ఆ చాటున చేరారు. పాట వినడానికి సీడీ కొన్న మనిషి ఇంటికి దొంగలు దూరే కన్నం పడింది. కంపెనీ లక్షల సీడీలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ వంతు. విండోస్ అసలుదా నకిలీదా తేల్చే ప్రోగ్రామ్ రోజూ కంపెనీతో మాట్లాడుతోందని 2006లో బయటపడింది. 2007 ఆగస్టులో ఆ సర్వర్లే దెబ్బతింటే, డబ్బు కట్టిన వాళ్ల విండోస్ కూడా నకిలీదన్న ముద్ర వేయించుకుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం 2014 నాటి సంగతి. ఈ-పుస్తకాలు చదివే అడోబీ డిజిటల్ ఎడిషన్స్ కొత్త రూపం, పాఠకుడు ఏ పుస్తకం తెరిచాడో, ఎంతసేపు చదివాడో, ఎంత శాతం పూర్తి చేశాడో కంపెనీకి పంపుతోందని తేలింది. అదీ ఎలాంటి సంకేతీకరణ లేకుండా. మధ్యలో ఎవరైనా నెట్‌వర్క్‌లో కాపు కాస్తే హాయిగా చదువుకోవచ్చు. లైసెన్సు సరిచూడటానికీ, చదివిన కాలాన్ని బట్టి అద్దె లెక్కగట్టే పద్ధతులకూ ఇవి కావాలని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ తర్వాత పంపే దారికి తాళం వేసింది గానీ, పంపడం మానలేదు. గ్రంథాలయంలో పుస్తకం తీసుకుంటే ఏ పేజీ దగ్గర ఆగిపోయామని గ్రంథపాలకుడు ఏనాడూ అడగలేదు. ఒక మనిషి జబ్బు గురించి చదువుతున్నాడా, విడాకుల గురించి చదువుతున్నాడా అన్నది లైసెన్సు యజమానికి ఎందుకు?

ఇప్పుడు డిజైన్, ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఈ పని మరింత మెత్తగా సాగుతోంది. తాళం విరిగిన నకలు తెరిస్తే కంప్యూటర్ పేరు, నెట్‌వర్క్ కార్డు సంఖ్య, ఐపీ చిరునామా, ఈమెయిల్ డొమైన్ లాంటివి కంపెనీకి చేరతాయి. ఆపైన లాయరు నోటీసు వస్తుంది. అమీర్‌పేటలో క్యాడ్ నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు అలాంటి నకలున్న ల్యాప్‌టాప్‌ను తను శిక్షణకు వెళ్లే ఆఫీసు వైఫైకి కలిపాడనుకోండి. తప్పు అతనిది, కంపెనీ అనుమానితుల జాబితాలో పడేది ఆ ఆఫీసు. ఏ ఆధారంతో ఆ పేరు పడిందో తెలుసుకునే దారి ఆఫీసు యజమానికి ఉండాలి కదా!

నేరానికి మన చట్టం ఇప్పటికే గట్టి శిక్షే పెట్టింది. దొంగ నకలని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే, కాపీరైట్ చట్టం 63బి ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. సివిల్ దావాల్లో ఢిల్లీ హైకోర్టు లోకల్ కమిషనర్లను నియమించి తనిఖీలు చేయిస్తోంది. కమిషనర్ కోర్టు ఉత్తర్వు చేతపట్టుకుని ఫలానా చిరునామాకే వెళతాడు, చూసింది కోర్టుకు నివేదిస్తాడు. కంప్యూటర్‌లో కూర్చున్న కోడ్‌కు ఉత్తర్వు లేదు, చిరునామా హద్దు లేదు, నివేదించే కోర్టూ లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ వెలుగులో వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతితో తీసుకునే సమాచారం అవసరమైన మేరకే ఉండాలంది. అయితే అదే చట్టం సెక్షన్ 17 ఒక మినహాయింపు ఇచ్చింది: చట్టబద్ధమైన హక్కునో క్లెయిమునో సాధించుకోవడానికి డేటా అవసరమైతే సమ్మతి, నోటీసు, సమాచారం అడిగే హక్కు వంటివి వర్తించవు. భద్రత బాధ్యత మాత్రం మిగులుతుంది. కోర్టుకెక్కిన మనిషి తన సాక్ష్యం భద్రపరచుకోవడానికి ఈ వెసులుబాటు న్యాయమే. కానీ ఇంకా ఎవరి మీదా అనుమానమే లేనప్పుడు, లక్షల మంది కంప్యూటర్లను రోజూ తడిమి చూడటానికి దీన్నే అడ్డం పెట్టుకుంటే? అలా పెట్టుకోకూడదన్న మాట చట్టంలో స్పష్టంగా లేదు.

2025 నవంబరులో ఈ చట్టం నియమాలు వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువు పెట్టారు. ఈలోగానే కేంద్రం ఆ మినహాయింపుకు హద్దు గీయాలి. ఒక నిర్దిష్ట వ్యక్తి మీద, నిర్దిష్ట ఆధారంతో మొదలైన వివాదానికే అది వర్తించాలి. ముందస్తు వేటకు కాదు. ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. కంప్యూటర్‌కు గుచ్చే డాంగిల్, ఇంటర్నెట్ లేకుండానే సరిచూసుకునే లైసెన్సు ఫైలు మన డీటీపీ సెంటర్లకు కూడా తెలిసిన పద్ధతులే. అవి ఎవరి ఈమెయిల్‌నూ అడగలేదు.

మీ డేటా ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసును ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని ఈ చట్టమే సెక్షన్ 5లో రాసింది. అంటే తెలుగులో కూడా. సెక్షన్ 17 తలుపు ఇలాగే బార్లా తెరిచి ఉంచితే, లైసెన్సు పేరు చెప్పే ఏ కంపెనీ అయినా ఆ నోటీసు ఇవ్వక్కర్లేదని వాదించగలదు.